నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

2020 అక్టోబర్ 13 నాటి వాన హైదరాబాద్‌లోని టోలిచౌకి వాళ్లు మరిచిపోయేది కాదు. బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్లు కురిసింది. షా హాతిం చెరువు పొంగి నదీమ్ కాలనీని ముంచేసింది. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లను పడవల్లో బయటికి తెచ్చారు. కరోనా వల్ల కాలేజీలు మూసి ఉన్న రోజులవి, పిల్లలంతా ఇళ్లలో కూర్చుని ఫోన్లలో పాఠాలు వింటున్నారు. వరద ప్రవాహం గురించి పుస్తకంలో చదివే సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థికి అంతకు మించిన పాఠం గుమ్మం ముందే నిలబడింది. ఈ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎందుకు పోవడం లేదు? ఈ ప్రశ్నను పట్టుకుని గల్లీలోకి దిగడాన్ని చదువులో భాగం చేయాలని విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ప్రయత్నిస్తున్నాయి.

తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది నచ్చదు. ఫీజు కట్టింది చదువుకోవడానికి కదా, బస్తీల్లో తిరగడానికా అంటారు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. తిరగడం ఎప్పుడు చదువవుతుంది, ఎప్పుడు కాదు అన్నది నిదానంగా చూడాలి.

సమాజంలోకి విద్యార్థులను పంపడం మనకు కొత్త కాదు. గాంధీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. మనందరికీ ఎన్‌ఎస్‌ఎస్‌గా తెలిసినదే. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ల సేవ, ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. మొక్కలు నాటడం, రక్తదానం, రోడ్లు శుభ్రం చేయడం, అన్నీ మంచి పనులే. కానీ అది సిలబస్ బయట ఉండిపోయింది. క్యాంపులో చూసినదానికీ సోమవారం క్లాసులో విన్నదానికీ ముడి పడలేదు. ఆ ముడి వేయాలని ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక 180 గంటలు, దానికి క్రెడిట్లు. 2020 జాతీయ విద్యావిధానం కూడా సమాజంతో చేసే పనికి క్రెడిట్లు ఇవ్వమనే చెప్పింది.

క్రెడిట్ ఇచ్చినంత మాత్రాన ఏం మారుతుంది? ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. టోలిచౌకి నుంచి ఫ్లైఓవర్ ఎక్కి గచ్చిబౌలి దాటితే హైదరాబాద్ విశ్వవిద్యాలయం వస్తుంది. అక్కడ రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హా 1987లో విశ్వవిద్యాలయం తరఫున ఒక విస్తరణ కార్యక్రమం నడిపేవారు. వెట్టిచాకిరీ నుంచి విడిపించిన పిల్లలను బడికి సిద్ధం చేయడానికి మూడు నెలల శిబిరం పెట్టారు. పేద తల్లిదండ్రులకు పిల్లల కూలి డబ్బులే కావాలి, బడి అక్కర్లేదు అన్నది అప్పట్లో చదువుకున్నవాళ్లు చాలామంది నమ్మిన మాట. పల్లెల్లో పనిచేసేకొద్దీ కనిపించింది వేరు. తల్లిదండ్రులు బడి కోరుకుంటున్నారు, కానీ పనిలో ఏళ్లు గడిపేసిన పిల్లలను తరగతి గదిదాకా చేర్చే దారే లేదు. 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ ఆ దారిని రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వేసింది. ఆమె తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన సంస్థ అది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

అది ఆచార్యురాలి పని, విద్యార్థుల ప్రాజెక్టు కాదు. అయినా నేను దాన్నే గీటురాయిగా పెట్టుకుంటాను. ముందే తెలుసనుకున్నది జనం దగ్గరికి వెళ్లాక తప్పని తేలిందా, ఆ తప్పును దిద్దుకునే పని ఏదైనా మొదలైందా? ఈ రెండూ లేని ప్రాజెక్టు ఎన్ని గంటలు సాగినా హాజరు పట్టీ దాటదు.

ఇప్పుడు నదీమ్ కాలనీకి వద్దాం. ఒక జట్టు ఇక్కడ పనికి దిగిందనుకుందాం. ఒకరు సివిల్, ఒకరు సోషల్ వర్క్, ఒకరు ఆర్థికశాస్త్రం. జట్టులో ఉర్దూ బాగా వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండాలి. ఇక్కడి దక్కనీ ఉర్దూలో చెప్పే మాటను తెలుగులోకో ఇంగ్లిషులోకో తెచ్చుకుని రాసుకుంటే సగం జారిపోతుంది. మొదటి వారం సర్వే ఫారాలు తీయకూడదు. ఇంటింటికీ వెళ్లి, 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చూపించమని అడగాలి, అక్కడ సుద్దతో గీత గీయాలి. నాలుగు గల్లీలు తిరిగాక ఆ గీతలే నేల వాలును చెబుతాయి. ఉత్తరాన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రాతిగుట్టలు ఎత్తున ఉన్నాయి, టోలిచౌకి పల్లంలో ఉంది. శంకర్‌పల్లి వైపు నుంచి బుల్కాపూర్ నాలా ఈ దారినే హుస్సేన్‌సాగర్ దాకా పోయేది. నీళ్లకు ఆ దారి గుర్తే, మనమే ఇళ్లు కట్టుకుని మరిచాం. నాలా ఎక్కడ ఇరుకైంది, చెరువు ఎక్కడిదాకా ఉండేది అని పాత పటాలు పెట్టి చూస్తుంటే హైడ్రాలజీ, చరిత్ర, రెవెన్యూ చట్టం ఒకే బల్ల మీదికి వస్తాయి.

ఆర్థికశాస్త్రం విద్యార్థి మరో ప్రశ్న పట్టుకోవచ్చు. వరద తర్వాత ప్రభుత్వం కుటుంబానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. పాడైంది కిరాయికి ఉన్నవాళ్ల సామాను, ఇల్లు మాత్రం యజమానిది. సాయం ఎవరి చేతికి చేరింది? టోలిచౌకిలో ఈ ప్రశ్న బరువైనది. పక్కనే పారామౌంట్ కాలనీలో సూడాన్, సోమాలియా, యెమెన్ నుంచి చదువుకోసం వచ్చినవాళ్లు కూడా కిరాయికి ఉంటారు. పై అంతస్తు యజమానికీ కింది గది కిరాయిదారుకీ వరద ఒకటి కాదని ఏ పట్టికా మొదట చెప్పదు. ఆ గదిలో కూర్చుంటే తెలుస్తుంది.

ఇలాంటి ప్రాజెక్టు ఎక్కువగా చెడేది విద్యార్థుల బద్ధకం వల్ల కాదు, తొందర వల్ల. గంటల లెక్క తేలాలి, ఫొటోలు కావాలి, లాగ్‌బుక్‌లో సంతకం పడాలి. నిరుడు ఒక జట్టు అడిగిన ప్రశ్నలే ఈ ఏడు మరో జట్టు అడిగితే ఆ ఇంటి ఆడవాళ్లు విసుగుతో ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్లు చెప్పింది ఏమైందో ఎవరూ వచ్చి చెప్పలేదు. ఇంగ్లిషులో అచ్చయిన రిపోర్టు డిపార్ట్‌మెంటు బీరువాలో ఉంటుంది, వైవాలో బస్తీవాళ్లు ఒక్కరూ ఉండరు. ఇది మారాలంటే పెద్ద నిధులు అక్కర్లేదు. సుద్ద గీతల పటాన్ని ఉర్దూలో, తెలుగులో ఒక్క కాగితం మీద వేసి మసీదు దగ్గర, కిరాణా షాపు ముందు అంటించాలి. గీత తప్పుగా పడిందని ఎవరైనా అంటే అక్కడే దిద్దాలి. మార్కులు వేసేటప్పుడు ఆ దిద్దుబాట్లు లెక్కలోకి రావాలి.

తర్వాతి బ్యాచ్ కొత్త ఫారంతో రాకుండా ఆ కాగితం పట్టుకుని రావాలి. జూన్‌లో తొలి వాన పడ్డ సాయంత్రం గొడుగులేసుకుని అదే గల్లీలో నిలబడి, నిరుటి గీతకు నీళ్లు ఎంత కింద ఆగాయో చూసి పక్కన తేదీ వేయాలి.