పాదచారి వాటా

దిల్‌సుఖ్‌నగర్ అను పేరులో మనస్సునకు సుఖమనెడి అర్థము ఇమిడియున్నది. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అను జాగీరుదారుని భూములు అక్కడ ఉండుటచే ఆ పేరు వచ్చినదందురు. ఎట్లు వచ్చినను, సాయంకాలము ఆరు గంటలవేళ మెట్రో మెట్లు దిగి నేలపై కాలు మోపినవానికి ఆ సుఖము వెంటనే చేజిక్కదు. ఒకవైపున మోటారు సైకిళ్లు బారులు తీరియుండును, మరియొకవైపున ఆటోలు. దుకాణముల మెట్లు ముందునకు చొచ్చుకొని వచ్చియుండును. మెట్ల ముందు బట్టలు తొడిగిన బొమ్మలు, బొమ్మల ముందు తోపుడుబండ్లు, బండ్ల ముందు విజయవాడ రహదారి. వీటి నడుమ ఎక్కడనో కాలిబాట ఉండవలెను. కాగితముమీద ఉన్నది కూడ.

అక్కడినుండి తూర్పుముఖముగా చైతన్యపురి, కొత్తపేట దాటి నాలుగు కిలోమీటర్లకు అటునిటుగా పోయినచో లాల్ బహదూర్ నగరము వచ్చును. 1966 లో తాష్కెంటున కన్నుమూసిన శాస్త్రిగారి పేరది. పూర్తి పేరు పలుకువారు నేడు అరుదు. బస్సు బోర్డుమీద గాని, జనుల నోట గాని అది ఎల్బీనగరే. కొంతకాలము క్రితము వరకు గడ్డిఅన్నారము ఒక మునిసిపాలిటీ, ఎల్బీనగరము వేరొక మునిసిపాలిటీ. 2007 ఏప్రిలు 16 న 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదును ఏర్పరచినపుడు ఈ రెండును దానిలో లీనమైనవి. 2025 చివర మరి 27 పట్టణ సంస్థలు వచ్చి చేరినవి. పాలనకు హద్దులు ఇట్లు పెరుగుచుండగా, పేటలోని వీధికి మాత్రము ఒక అడుగైనను పెరుగు యోగము పట్టలేదు.

ఆ వీధులు పుట్టిన తీరు చూడవలెను. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపునుండి బస్సులో వచ్చువానికి నగరమున మొదట తగులు గడప ఇదే. వచ్చినవారు ఇక్కడనే దిగిరి. దిగినవారిలో చేతిలో నాలుగు రాళ్లున్నవారు నూటయేబది గజములో, రెండువందల గజములో జాగా కొనిరి. లేఅవుటు వేసినవాడు ఇరువది, ముప్పది అడుగుల వీధులు విడిచెను. ఒంటి అంతస్తు డాబాలకు, ఇంటికొక సైకిలుకు ఆ వెడల్పు చాలును. పిమ్మట డాబా మూడంతస్తులాయెను. పక్క జాగా అపార్టుమెంటాయెను. దిల్‌సుఖ్‌నగర్ చుట్టును కోచింగు కేంద్రములు వెలసినవి. వాటి నీడన హాస్టళ్లు వెలసినవి. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను పల్లెటూరి యువతీ యువకులు ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు చొప్పున అద్దెకుందురు. వారికి కారు లేదు. పెక్కుమందికి మోటారు సైకిలును లేదు. తరగతికిని, మెస్సుకును, జిరాక్సు అంగడికిని నడచియే పోవుదురు. ఈ పేటకు జీవము పోయుచున్నది ముఖ్యముగా వీరే యైనను, ఇంటి నియమములు గాని బండి నియమములు గాని వ్రాయునప్పుడు వీరు జ్ఞాపకమునకు వచ్చిన జాడ కానరాదు.

నియమములు లేవనుట సరికాదు. 2006 మార్చి 3 న ఒకటి, 2012 ఏప్రిలు 7 న మరియొకటి, కట్టడపు నియమావళులు ప్రభుత్వ ఉత్తర్వులుగా వెలువడినవి. రెండవ దాని సంఖ్య 168; ప్లాను గీయువారికి, బిల్డర్లకు నోటికి వచ్చిన అంకె అది. ఇల్లు ఏదైనను, అంగడి ఏదైనను, ఇంత విస్తీర్ణమునకు ఇంత మేర బండ్లకు విడువవలెనని అందు లెక్కలు కలవు. స్తంభములపై ఖాళీగా విడిచిన క్రింది అంతస్తును జనులు స్టిల్టు అందురు. బండ్లకై దానిని విడిచినచో దాని ఎత్తు ఇంటి ఎత్తులో కలుపరు. 2020 లో వచ్చిన శాసనము చిన్న గృహస్థునికి మరికొంత వెసులుబాటు కలిగించినది. 75 గజములవరకు జాగాలో చిన్న ఇల్లు కట్టుకొనువానికి అనుమతితో పనిలేదు, ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలును. 500 చదరపు మీటర్లలోపు జాగాకు స్వీయ ధ్రువీకరణముతోనే అనుమతి లభించును. కచేరీల చుట్టును చెప్పులరుగ తిరిగినవారికి ఇది చిన్న మేలు కాదు. ఐనను ఈ నియమములన్నిటి దృష్టియు ప్రహరీగోడ లోపలనే. గోడ దాటిన తరువాత మనుష్యుడెట్లు పోవలెనన్న ప్రశ్న వేరొక శాఖది.

ఇక లోపల విడిచిన ఆ బండ్ల మేర ఏమైనదో చూతము. వ్యాపారపు వీధిలో సెల్లారునకు అద్దె వచ్చును. నిలిపిన బండికి అద్దె రాదు. కనుక సెల్లారు గోదామాయెను, మెస్సాయెను, కంప్యూటరు శిక్షణాలయమాయెను. స్టిల్టుకు షట్టరు దిగెను. నియమము మీరిన కట్టడములను జరిమానా కట్టించుకొని క్రమబద్ధము చేయుటకు 2007 డిసెంబరు 31 న ఒక పథకము, 2015 లో మరియొక పథకము ప్రకటించిరి. ఒక విశేషమున్నది: ప్లానులో బండ్లకై చూపిన స్థలమును మాత్రము జరిమానాతో మన్నింపరాదని 2007 నాటి నియమములే చెప్పినవి. ఎక్కువ కట్టిన అంతస్తుకైనను క్షమ కలదు గాని మింగిన పార్కింగునకు లేదన్నమాట. ఇంత కఠినమైన మాట కాగితముపై నుండగా షట్టర్లు యథాప్రకారము ఉదయము లేచి రాత్రి దిగుచున్నవి. అధికారులు అప్పుడప్పుడు దాడులు చేయుదురు, కొన్ని గోడలు కూలును, మూడు మాసములకు మరల లేచును. సెల్లారులోనుండి వెలివేయబడిన బండి ఆకాశమునకు పోదు గదా. అది కాలిబాట నెక్కును. కాలిబాటమీద నడువవలసినవాడు రోడ్డుమీదికి దిగును. పాదచారి రోడ్డునకు అడ్డము వచ్చుచున్నాడని కారులోనివాడు కసరును. అపరాధము ఎక్కడ పుట్టి ఎవరి తలమీద పడినదో చూడుడు.

2018 మార్చి 20 న ప్రభుత్వము పార్కింగు రుసుములపై ఒక ఉత్తర్వు చేసెను. మాల్‌లలో, మల్టీప్లెక్సులలో, వాణిజ్య సముదాయములలో మొదటి అరగంటకు ఎవరియొద్దను రుసుము తీసికొనరాదు. గంటలోపు ఏదేని కొన్నట్లు బిల్లు చూపినవానికి ఉచితము. గంట దాటినచో రుసుమును మించిన బిల్లు గాని సినిమా టిక్కెట్టు గాని చూపవలెను. 2021 జూలైలో ఒకే తెరగల సినిమాశాలలకు రుసుము వసూలు చేసికొను అనుమతి ఇచ్చిరి. ఉత్తర్వు వెలువడినపుడు నగరమంతయు సంతోషించినది. అరాచకముగా వసూలు చేయుచుండిన రోజులవి, సంతోషించుట సహజమే. కాని ఉచితమనునది ఎచటను ఉచితము కాదు. సెల్లారు త్రవ్వుటకు, దీపములకు, కావలివానికి అగు వ్యయము చీరల ధరలో, చెప్పుల ధరలో కలియును. 107 నంబరు బస్సు దిగి నడచి వచ్చి చెప్పులు కొనుకొన్న మనుష్యుడు కారులో వచ్చినవాని స్థలమునకు తన వంతు చెల్లించి పోవుచున్నాడు. అమెరికాలో డోనాల్డ్ షూప్ అను ఆచార్యుడు 2005 లో పెద్ద గ్రంథము వ్రాసి నిరూపింప జూచినది ఈ సత్యమునే. వీధిలో బండి నిలుపుటకు తగిన వెల కట్టి, వచ్చిన సొమ్మును ఆ వీధి కాలిబాటకే ఖర్చుపెట్టుడని ఆయన సలహా. జపానువారు మరియొక దారి పట్టిరి: 1962 నాటి చట్టముచే, నిలుపుకొనుటకు స్థలమున్నదని ఋజువు చూపినవానికే కారు. ఆ నియమము ఇక్కడ వచ్చినచో ఎన్ని కాలనీలలో ఎన్ని కార్లు మిగులునో ఊహించుకొనవలసినదే.

ఇల్లు వేరు, వీధి వేరు అనెడి ఈ భేదభావము హైదరాబాదునకు ఆదినుండి ఉన్నది కాదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద పిమ్మట, 1912 లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. మురికివాడలు తీసి ఇండ్లు కట్టించిన ఆ మండలియే రోడ్లను వెడల్పు చేయించినది. చార్మినారు దగ్గరి పత్తర్‌గట్టీలో రాతి కమానుల వరుస ఆనాటి పని. అచట అంగడికి ముందున్న నీడబాట కట్టడములోనే ఒక భాగము. ఎండలోను వానలోను నడచువాడు కమానుల క్రిందుగా పోవచ్చును. పాదచారికి చోటు చూపుట ఇంటి ప్లాను గీసినవాని బాధ్యతయే అని ఆ రాళ్లు ఒప్పుకొన్నవి. నూరేండ్ల పిమ్మట దిల్‌సుఖ్‌నగర్‌లో లేచిన గాజుమేడలు ఒప్పుకొనలేదు.

2018 సెప్టెంబరు 24 న అమీరుపేటనుండి ఎల్బీనగరునకు మెట్రో వచ్చినది. అంతకు ముందేడు, 2017 లో, కేంద్ర ప్రభుత్వము రవాణా కేంద్రముల చుట్టును పట్టణములెట్లు పెరుగవలెనో ఒక జాతీయ విధానముగా ప్రకటించియుండెను. స్టేషనునుండి 500 మొదలు 800 మీటర్ల వరకు నడకదూరముగా ఎంచి, ఆ వలయములో ఇండ్లు దట్టముగా ఉండనిచ్చి, వీధిలో పార్కింగును తగ్గించి, దానికి వెల పెంచవలెనని దాని సారాంశము. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ — ఈ నాలుగు స్టేషన్లచుట్టును అట్టి వలయములు గీసినచో ఒకదానినొకటి తాకి రహదారికి ఇరుప్రక్కల పేటలన్నిటిని కప్పివేయును. కాలిఫోర్నియా రాష్ట్రము 2022 లో, ముఖ్య రవాణా స్థానమునకు అరమైలు లోపల కట్టు ఇండ్లకు ఇన్ని బండ్ల చోటు విడువవలెనని స్థానిక సంస్థలు నిర్బంధింపరాదని చట్టము చేసెను. బండి లేని విద్యార్థి గది అద్దెలో స్టిల్టు ఖర్చు ఎందుకు కలియవలెనన్న ప్రశ్నకు అది ఒక సమాధానము. అయితే ఆ సమాధానమును ఇక్కడ దించుకొనుటకు ముందు నాగోలులో జరిగినది తలచుకొనుట మంచిది. 2024 లో అచటి మెట్రో స్టేషనువద్ద అంతవరకు ఉచితముగా నున్న పార్కింగునకు రుసుము విధింపబోగా ప్రయాణికులు ధర్నా చేసిరి; కొంతకాలము వాయిదా పడి, పిదప రుసుము వచ్చెను. వారిని పిసినారులని ఎంచరాదు. కాలనీనుండి స్టేషనునకు నడచి రాగల బాట లేదు, చిన్న బస్సు చాలినంత లేదు. బండి వారికి విలాసము కాదు, మొదటి మెట్టు. బాట వేయకముందే బండికి వెల కట్టిన ప్రజ మొరపెట్టుట న్యాయమే.

ఎల్బీనగరు కూడలి కథ వేరు. 2018 లో చింతలకుంట అండర్‌పాసు, కామినేని కూడలి ఫ్లైఓవరు, 2019 లో ఎల్బీనగరు వద్ద ఒక ఫ్లైఓవరు, 2023 మార్చిలో దాని జోడు తెరచిరి. ఎర్రదీపము లేని ప్రయాణమని దానిని మెచ్చుకొనిరి. వాహనములకు అది మేలే. గంటలకొలది నిలిచిన లారీలను చూచినవారెవ్వరును కాదనరు. కాని ఎర్రదీపము వెలిగిన ఆ నిమిషమే ముసలిదానికి రోడ్డు దాటు గడువై యుండెను. దీపము పోగానే ఆ గడువును పోయినది. ఉప్పలులో 2023 జూనున ఆకాశబాట కట్టి నడచువానిని మీదికెత్తిరి. ఎక్కగలవానికి బాగుగనే యున్నది.

కాలిబాట ఎట్లుండవలెనో తెలియక కాదు ఈ స్థితి. భారత రహదారుల మహాసభవారు 2012 లోనే ప్రమాణము వ్రాసిరి: అడ్డులేని వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదు. 2025 మే 14 న సుప్రీముకోర్టు, కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని చెప్పెను. వీధి వర్తకులను గూర్చి 2014 నాటి చట్టము కలదు. వారిని లెక్కించి, స్థలము చూపి, పిమ్మటనే కదల్పవలెనని దాని ఆజ్ఞ. దాడి రోజున మొదట ఎత్తబడునది మాత్రము జామపండ్ల బండియే. ఆ పక్కన రోజంతయు నిలిచిన కారు నాలుగు బండ్ల చోటు తినుచున్నను అది గౌరవముగా నిలిచియుండును. చెన్నపట్టణము త్యాగరాయనగరులోని పాండీ బజారున 2019 లో కాలిబాటలను వెడల్పు చేసి కార్ల చోటు కుదించిరి. అదియు చీరల అంగళ్ల వీధియే, అచటను జనసమ్మర్దమునకు తక్కువ లేదు.

కొత్తపేటలో రహదారి పక్కనే గడ్డిఅన్నారము పండ్ల మార్కెటు ఉండెడిది. మామిడి, బత్తాయి లారీలతో దారి కిక్కిరిసియుండెడిది. 2021 లో దానిని మూసి బాటసింగారమునకు తరలించిరి. 2022 ఏప్రిలు 26 న ఆ నేలపై ప్రభుత్వ సూపరు స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. ఈ రహదారిమీద ఇంత పెద్ద ప్రభుత్వ స్థలము మరల చేతికి రాదు. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చువారిలో హెచ్చుమంది బస్సులోనో, మెట్రోలోనో, ఆటోలోనో వత్తురు. చేతిలో ఎక్సురే కవరు, భుజముమీద ఒరిగిన రోగి. స్టేషను మెట్లకును ఆసుపత్రి ద్వారమునకును నడుమ, మోటారు సైకిలు ఎక్కలేని 1.8 మీటర్ల వెడల్పు నేల ఎన్ని మీటర్ల పొడవున విడువబడునో, ప్లాను ముందు పెట్టుకొని టేపుతో కొలువవచ్చును.