దూడ వాటా దూడకే... బిడ్డ వాటా బిడ్డకే

పశువులలో మీకు గుణపాఠం ఉందని దివ్య ఖుర్ఆన్ 'నహ్ల్' సూరా 66వ ఆయతులో అల్లాహ్ మానవాళికి తెలియజేశాడు. వాటి కడుపులోని పేడకూ, నెత్తురుకూ నడుమ నుంచి తాగేవారికి ఇంపైన స్వచ్ఛమైన పాలను ఆయనే వెలికి తీస్తున్నాడు. ప్రతి ఉదయం పొయ్యి మీద పాలు కాగుతుంటే ఈ మహిమను మనలో ఎందరం తలచుకుంటున్నాం? అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటుంది. ఆ పాలు మొదట ఎవరి కోసం పుట్టాయి?

ఈ ప్రశ్నకు ఒక జవాబు మన రాష్ట్రపు ఈశాన్య అంచున, పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం కొండల్లో దొరుకుతుంది. సవరలు, జాతాపులు నివసించే ప్రాంతమిది. తూర్పు కనుమల్లోని సవర, గదబ, ఖోండు వంటి పలు తెగలవారికి పూర్వం ఆవు పాలు పిండే అలవాటు లేదు. ఇంటి నిండా పశువులున్నా పాలచెంబు ఉండేది కాదు. పశువు దున్నడానికి, ఎరువుకు. పాలు మాత్రం దూడవి. దూడ నోటి దగ్గరి పాలు లాక్కోవడం తగదన్నది ఆ పెద్దల మాట. మైదానం నుంచి వెళ్లినవారికి ఇది వింతగా తోచేది. పాలు తాగడం కూడా తెలియని అమాయకులని నవ్వుకున్నవారూ ఉన్నారు.

ఆ నవ్వు తగునా? దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ వద్దకు వచ్చిన హజ్రత్ సవాదా బిన్ రబీ (ర)కు కొన్ని ఒంటెలను ఇప్పించి, రెండు మాటలు చెప్పి పంపారు. పిల్ల ఒంటెలకు చక్కగా మేత పెట్టమని, పాలు పితికేటప్పుడు పొదుగులకు గాయం కాకుండా గోళ్లు తీసుకోమని ఇంటివారికి చెప్పమన్నారు. ముస్నద్ అహ్మద్‌లో ఈ హదీసు ఉంది. మరో సహాబీ హజ్రత్ జిరార్ బిన్ అజ్వర్ (ర) పాలు గట్టిగా పితుకుతుంటే, పొదుగులో కొంత వదిలేయమని, అదే తరువాతి పాలను రప్పిస్తుందని సెలవిచ్చారు. పాలు మనకు ధర్మసమ్మతమే. కాని మొదటి హక్కు పిల్లది. కొండ మీది సవర పెద్దకూ, మనకూ మధ్య ఈ ఒక్క విషయంలో దూరం ఎంత తక్కువో చూడండి!

మారిన మాటలు

కాలం మారింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. 1980ల నుంచి గ్రామీణాభివృద్ధి పథకాల కింద పాడి పశువులకు రుణాలు వచ్చాయి. సంతలో టీ బడ్డీలు వెలిశాయి. పాలు తాగని ఇంట్లోకి పాలు టీ రూపంలో ప్రవేశించాయి. 2020లో మొదలైన సంపూర్ణ పోషణ ప్లస్ పథకం కింద గిరిజన మండలాల్లోని అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు, బాలింతలకు, పసివారికి పాలు, గుడ్లు అందించారు.

వైద్యుల మాట కూడా మారుతూ వచ్చింది. ఒకప్పుడు పట్టణాల్లో పసిబిడ్డకు ఆవు పాలలో నీళ్లు, చక్కెర కలిపి పట్టమని చెప్పిన డాక్టర్లు ఎందరో. పాలపొడి డబ్బా మీది బొద్దుబిడ్డ బొమ్మను చూసి, డబ్బా పాలే గొప్పవని నమ్మిన తల్లులు ఎందరో. పలచన చేసిన పాలు, శుభ్రం కాని సీసా కలిసి పేదల ఇళ్లలో విరేచనాలనూ, మరణాలనూ తెచ్చాయి. చివరకు మన పార్లమెంటు 1992లో చట్టం చేసి పాలపొడి డబ్బాల, పాలసీసాల ప్రకటనలను నిషేధించింది. నాలుగు నుంచి ఆరు నెలలు తల్లిపాలు చాలనే పాత సలహాను ప్రపంచ ఆరోగ్య సభ 2001లో సవరించింది. నిండా ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని, ఆపై ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఆ తరువాత కూడా కొనసాగించవచ్చని చెప్పింది.

రెండేళ్లు! పాలివ్వడాన్ని పూర్తి చేయదలచినవారికి దివ్య ఖుర్ఆన్ 'బఖరా' సూరా 233వ ఆయతు చెప్పిన గడువు నిండు రెండేళ్లే కదా!

ఆవు పాలు ఎందుకు చాలవు?

దూడ పుట్టిన సుమారు రెండు నెలల్లోనే రెట్టింపు బరువుకు చేరుతుంది. మనిషి బిడ్డకు అందుకు నాలుగైదు నెలలు పడుతుంది. అందుకే ఆవు పాలలో మాంసకృత్తులు తల్లిపాలలోకన్నా సుమారు మూడు రెట్లు ఉంటాయి. లవణాలూ ఎక్కువే. ఆ భారాన్ని పసివాడి మూత్రపిండాలు మోయలేవు. పైగా ఆవు పాలలో ఇనుము బహు తక్కువ. నెలల పసికందుకు అవి పేగుల్లో కంటికి కనబడని రక్తస్రావాన్ని కూడా కలిగించవచ్చు. ఫలితం రక్తహీనత. కనుకనే ఏడాది నిండేదాకా ఆవు పాలను ప్రధాన ఆహారం చేయవద్దని పిల్లల వైద్యులు సాధారణంగా హెచ్చరిస్తారు.

ఏడాది దాటాక కాచిన పాలు మంచి ఆహారమే. పాలు తాగేటప్పుడు అందులో శుభాన్ని, వృద్ధిని కోరుతూ వేడుకోమని దైవప్రవక్త (స) నేర్పారు. అయితే పాలొక్కటే ఆహారం కాదు. పాలతో కడుపు నింపుకొని అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు ముట్టని పిల్లల్లో కూడా ఇనుము తగ్గిపోతుంది. ఇక టీ సంగతి చెప్పనక్కరలేదు. అది తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. చంటిపిల్లలకు టీలో బిస్కెట్టు ముంచి పెట్టే అలవాటు కొండ మీదా ఉంది, మన వీధుల్లోనూ ఉంది. దానిని మానుకోవాలి.

మరి పాలు తాగని పాతకాలపు కొండవారు ఎలా బతికారు? పుట్టిన ప్రతి శిశువుకూ తల్లిపాలలోని చక్కెరను అరిగించుకునే శక్తిని అల్లాహ్ ప్రసాదించాడు. పెరిగాక ప్రపంచంలోని మూడింట రెండు వంతుల మందిలో ఆ శక్తి తగ్గిపోతుంది. వారిలో కొందరికి పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. అది జబ్బు కాదు, లోపమూ కాదు. వారి కోసం ఆయన వేరే భోజనం పెట్టాడు. ఉత్తరాంధ్రవారు చోళ్లు అని పిలిచే రాగుల్లో సున్నం, అంటే కాల్షియం, నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అంతే ఆవు పాలలో ఉండేది సుమారు 120 మాత్రమే. చోడి అంబలి తాగే ఇంటిని చూసి మనం జాలిపడనవసరం లేదు.

ఖలీఫా విన్న ఏడుపు

ఇస్లామీయ చరిత్రలోని ఒక ఘటనను ఇక్కడ గుర్తు చేయడం అవసరమని భావిస్తున్నాం. ఒక రాత్రి మదీనా వెలుపల వర్తకుల బిడారు దిగింది. హజ్రత్ ఉమర్ (ర), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) స్వయంగా కాపలా కాశారు. ఒక పసివాడి ఏడుపు వినిపించింది. బిడ్డను చూసుకోమని ఉమర్ (ర) ఆ తల్లికి చెప్పి వచ్చారు. ఏడుపు ఆగలేదు. మళ్లీ వెళ్లారు. తెల్లవారుజామున మూడోసారి వెళ్లి ఇదేమి తల్లివని మందలించారు. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. పాలు మాన్పిస్తుంటే వీడు వినడం లేదని, పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తున్నాడని ఆమె చెప్పింది. బిడ్డ వయసు చూస్తే కొన్ని నెలలే!

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఉమర్ (ర) దుఃఖంతో చేసిన పారాయణం వెనుక ఉన్నవారికి స్పష్టంగా వినిపించలేదు. తన నిర్ణయం వల్ల ఎందరు పసివారు బలయ్యారోనని ఆయన కుమిలిపోయారు. పిల్లలకు తొందరపడి పాలు మాన్పించవద్దని, ఇక పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామని చాటింపు వేయించారు. పసివాడి ఏడుపు ముందు తన నిర్ణయాన్ని మార్చుకోవడాన్ని ఆయన చిన్నతనంగా భావించలేదు.

మన ఇళ్లలో...

కనుక మనమూ మన ఇళ్లలోని కొన్ని అలవాట్లను పరిశీలించుకుందాం. తొలి మూడు నాలుగు రోజుల ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బిడ్డకు రోగనిరోధక శక్తినిచ్చే అమూల్యమైన పాలవి. పుట్టిన గంటలోపే తల్లి రొమ్ము పట్టించాలి. నోట్లో తేనె నాకించే ఆచారమూ ఉంది. తేనె స్వస్థత గలదే. కాని ఏడాదిలోపు పసివారికి దానివల్ల ప్రమాదకరమైన విషక్రిమి సోకవచ్చని వైద్యశాస్త్రం తేల్చింది. తహ్నీక్ సున్నత్ ఖర్జూరంతో చేసినది. దానిని పాటించదలచినవారు డాక్టరుతో ఒక మాట చెప్పి, శుభ్రమైన చేతితో, నామమాత్రంగా చేయడం మేలు.

అన్నిటికన్నా పెద్ద విషయం తల్లి భోజనం. పాలిచ్చే తల్లికి తిండి, బట్ట సమకూర్చే బాధ్యతను అదే 233వ ఆయతు తండ్రిపై మోపింది. దూడకు పాలు మిగలాలంటే ఆవుకు మేత వేయాలి. మరి బిడ్డకు పాలు కావాలంటే? బాలింతకు పత్యం పేరుతో పప్పు, కూర, పండు మాన్పించి, పాలు పడటం లేదని ఆమెనే నిందించడం న్యాయమా? ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలినది ఆమె పళ్లెంలో పడితే ఆ బాధ్యత తీరినట్లేనా? కాన్పు తరువాత హరీరా వండిపెట్టే మన అమ్మమ్మల, నానమ్మల పద్ధతిలో ఎంతో వివేకం ఉంది. అది పదిరోజుల ముచ్చట కాకూడదు. అంగన్‌వాడీలో బాలింతలకిచ్చే ఆహారం వారి హక్కు. బయటికి వెళ్లలేని తల్లి కోసం భర్తో, అత్తగారో వెళ్లి తేవాలి. తనకో, బిడ్డకో హాని కలుగుతుందని భయపడే బాలింతకు రమజాన్ ఉపవాసాలలో సడలింపు ఉందన్నది కూడా మరువరాదు.

ఎంత ప్రయత్నించినా పాలు చాలని తల్లులు కొందరుంటారు. వారిని వేలెత్తి చూపకూడదు. బిడ్డ కారణంగా తల్లికి బాధ కలగరాదని అల్లాహ్ ఆజ్ఞ. ప్రవక్త (స)కు హజ్రత్ హలీమా సాదియా (ర) పాలిచ్చి పెంచిన సంగతి మనకు తెలిసిందే. అటువంటి తల్లులు వైద్యుల సలహాతో తగిన పాలను గిన్నెతో, చెంచాతో పట్టవచ్చు.

పాలు దూడవేనన్న కురుపాం కొండల మాటను వెనుకబాటుతనంగా కాక ఒక సాక్ష్యంగా స్వీకరిద్దాం. దూడ వాటా దూడకు వదులుదాం. మన బిడ్డ వాటా మన బిడ్డకు దక్కేలా, ముందు ఆ తల్లి పళ్లెం నింపుదాం. అల్లాహ్ మనందరికీ అట్టి సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.