వెల్ల ఎలా గట్టిపడుతుంది?

నీరు ఆరిపోవడం వల్లే వెల్ల గట్టిపడుతుందని చాలామంది పరీక్షలో రాస్తారు. లెక్క చూడండి. బట్టీలో 100 గ్రాముల శుద్ధమైన సున్నపురాయి, అంటే కాల్షియం కార్బోనేట్, వియోగం చెందితే 56 గ్రాముల పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్) మిగులుతుంది. 44 గ్రాముల కార్బన్ డైఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. పొడిసున్నం 18 గ్రాముల నీటితో సంయోగం చెంది 74 గ్రాముల తడిసున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) అవుతుంది. ఇది ఉష్ణమోచక చర్య. నీరు కుతకుత ఉడుకుతుంది, కంట్లో చిందితే చూపే పోవచ్చు. ఇంట్లో చేసి చూడకండి. గోడ మీద ఈ తడిసున్నం బట్టీలో పోయిన ఆ 44 గ్రాములనూ గాలి నుంచి మెల్లగా తీసుకొని, 18 గ్రాముల నీటిని వదిలి, తిరిగి కార్బోనేట్‌గా మారుతుంది. పాత వెల్ల పెచ్చు మీద నిమ్మరసం చుక్క వేయండి. పైకి వచ్చే బుడగలు ఆ వాయువే.