అంజూర్ ఫాటా దాటే గంజి లెక్క

అంజూర్ ఫాటా చౌరస్తాలో రోజంతా లారీలే. నూలు లోడు ముంబై దగ్గరి మరమగ్గాల ఊరు భివండిలోకి పోతుంది, గ్రే గుడ్డ తాన్లు బయటికి వస్తాయి. ఊరు తినేదీ విసర్జించేదీ పటం గీయాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి. కార్పొరేషన్ చెత్తబండి వెంట పోతే సగం కథే దొరుకుతుంది.

ఇలాంటి లెక్కకు దారి చూపింది అమెరికన్ ఇంజినీరు ఏబెల్ వోల్మన్. పది లక్షల జనం ఉండే ఊహానగరానికి 1965లో ఆయన జమాఖర్చు రాశాడు. రోజుకు జమ: 6,25,000 టన్నుల నీళ్లు, 9,500 టన్నుల ఇంధనం, 2,000 టన్నుల తిండి. ఖర్చు: 5,00,000 టన్నుల మురుగు, 2,000 టన్నుల చెత్త. మనకు కంటపడేది చెత్తకుప్పే గానీ, నీళ్ల ముందు అది ఏపాటిది?

2011 జనగణనలో భివండి జనాభా సుమారు 7.1 లక్షలు. తలకు రోజుకు 135 లీటర్ల ప్రమాణం వేస్తే 9.6 కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. అందులో 80 శాతం మురుగవుతుందనుకుంటే 7.7 కోట్ల లీటర్లు. తలకు 400–500 గ్రాముల చొప్పున చెత్త 280–350 టన్నులు. ఈ లెక్క ఏ ఊరికైనా వేయొచ్చు. భివండిని భివండి చేసిన సాంచె, అంటే మరమగ్గం, ఇందులో ఎక్కడా లేదు.

కాబట్టి ఒక్క సాంచెను లెక్కలోకి తీసుకుందాం. నిమిషానికి 150 పిక్కులు (పేక పోగులు), అంగుళానికి 60 అనుకుంటే గంటకు 3.8 మీటర్లు. పన్నెండు గంటల పాళీలో, తెగిన పోగులు అతికే వేళ తీసేస్తే, 36 మీటర్లు. 1.2 మీటర్ల పన్నా (వెడల్పు), చదరపు మీటరుకు 100 గ్రాములైతే బరువు 4.3 కిలోలు. ఒక హార్స్‌పవర్ మోటారు నిండు భారంతో తిరిగితే పాళీకి 9 యూనిట్ల కరెంటు కాలుస్తుంది. అంటే కిలో గుడ్డకు రెండు యూనిట్లు. భివండిలో సాంచెలు ఆరు లక్షల దాకా అంటారు. లక్షే నడిచాయనుకున్నా ఒక్క పాళీకి 430 టన్నుల గుడ్డ, 9 లక్షల యూనిట్లు.

అసలు కిటుకు గంజిలో ఉంది. పడుగు తెగకుండా సైజింగ్‌లో గంజి పట్టిస్తారు. పడుగు బరువులో పదో వంతు వేసుకుంటే ఆ 36 మీటర్లకు దాదాపు పావు కిలో, లక్ష సాంచెలకు పాళీకి 24 టన్నులు. అద్దకానికి ముందు ఆ గంజినంతా కడిగేయాలి. నూలు గుడ్డ మిల్లుల మురుగులో ఆక్సిజన్‌ను తినేసే సేంద్రియ భారంలో దాదాపు సగం దీనిదే. గుడ్డ అద్దకానికి ఏ ఊరికి పోతే ఆ ఊరి కాలువలో తేలుతుంది మన గంజి. భివండి పద్దులో మాత్రం అది అమ్ముడుపోయిన సరుకు.

చిందీ కథ దీనికి తలకిందులు. అంచు కత్తిరింపులు, నూలు తుక్కు చెత్తే అయినా డబ్బులొస్తాయి. మోటార్లు తుడిచే గుడ్డగానో, పరుపుల్లో కూరడానికో, తిరిగి వడకడానికో కొనుక్కుపోతారు. చెత్తబండి ఎక్కదు కనుక చెత్త లెక్కకు ఎక్కదు. గోదాముల సరుకుదీ మరో తంటా. భివండి చుట్టూ దిగి, అక్కడ ఎవరూ వాడకుండానే ముంబైకి పోతుంది. దాన్నీ ఊరి తిండిలో కలిపితే పటం అబద్ధమవుతుంది.

ఇన్ని ప్రవాహాల్లో గట్టిగా కొలిచింది కరెంటునే. 2007 జనవరిలో పంపిణీ టొరెంట్ పవర్ చేతికి వచ్చింది. అప్పటికి సాంకేతిక, వాణిజ్య నష్టాలు కలిపి 58 శాతం. కొన్నేళ్లలోనే అవి 20 శాతం దిగువకు వచ్చాయి. మీటరు ఒక్కటే ఆ పని చేయలేదు, తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ మార్చారు. అయినా ఎక్కడ కారుతోందో తెలియకుండా ఏం మారుస్తారు?

కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి వచ్చి పద్మనగర్‌లో స్థిరపడ్డ పద్మశాలీలు నేతపనిలో తరాలుగా ఉన్నారు. సాంచెలు, సైజింగులు నడిపేవాళ్లకు ఒక మనవి: నెలకు వాడిన గంజిపొడి, బాయిలర్‌లో వేసిన ఇంధనం, నీళ్లు, అమ్మిన చిందీ, ఈ నాలుగూ ఒకే పుస్తకంలో రాయండి. ఒక ప్రతి కార్పొరేషన్‌కు ఇవ్వండి.