నాన్న బండికి ఆ జాలీ ఎందుకు?



ఉష్ణం పాఠం చెబుతుంటే ఏడో తరగతి బాబు ఒకడు లేచి అడిగాడు: "టీచర్, మా నాన్న బండి ఇంజన్ ముందు చిన్న జాలీ లాంటిది ఉంది. అదేంటి?"

అది ఆయిల్ కూలర్. పల్సర్ 220, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 లాంటి బళ్లకు కంపెనీయే బిగించి ఇస్తుంది.

మనం పోయించే పెట్రోలు శక్తిలో సుమారు నాలుగో వంతే బండిని నడుపుతుంది. మిగతాది దాదాపు అంతా వేడిగానే పోతుంది. ఆ వేడిలో కొంత ఇంజన్ ఆయిల్ మోస్తుంది. ఆయిల్ మరీ కాగితే పలచబడి, లోపలి భాగాల మధ్య పొరగా నిలవదు. ఇనుము ఇనుముతో రాసుకుని ఇంజన్ సీజ్ అవుతుంది. నడుస్తున్న బండికి అలా జరిగితే వెనక చక్రం ఒక్కసారిగా పట్టేయవచ్చు. ఆ వెనక సీటులో కూర్చునేది మన పిల్లలే.

వేడి టీని రెండు గ్లాసుల్లో తిరగబోస్తే త్వరగా చల్లారుతుంది, గాలి బాగా తగులుతుంది కనుక. కూలర్ చేసేదీ అదే. పంపు వేడి ఆయిల్‌ను సన్నని గొట్టాల్లోకి పంపుతుంది. వాటి మధ్య రేకులకు ఎదురుగాలి తగిలి, చల్లబడిన ఆయిల్ మళ్లీ ఇంజన్‌లోకి చేరుతుంది.

అయితే కూలర్ ఉందని నిశ్చింతగా ఉండకూడదు.

• బండి ఆగితే ఎదురుగాలి ఉండదు. ఎండలో గడియార స్తంభం సెంటర్లో ట్రాఫిక్ ఆగిపోతే ఇంజన్ ఆపేయండి.

• వానల్లో కాలవ గట్ల బురద రేకుల మధ్య ఎండిపోతే గాలి దూరదు. ఇంజన్ చల్లారాక నీళ్లతో మెల్లగా కడగండి. ప్రెషర్ పంపు దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

• ఆయిల్ తగ్గితే కూలర్ ఉన్నా ప్రయోజనం లేదు. కంపెనీ చెప్పిన గ్రేడే వాడి, చెప్పిన సమయానికి మార్పించండి.

• మామూలు 100, 125 సీసీ బళ్లకు విడిగా కొని బిగించుకోనక్కర్లేదు. అతుకు సరిగా లేకపోతే ఆయిల్ కారి టైరు మీద పడే ప్రమాదం ఉంది.

• కారు వేడెక్కితే రేడియేటర్ మూత వెంటనే తీయకండి. మరిగే నీళ్లు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఈ ఆదివారం బండిని చదునైన చోట నిటారుగా నిలబెట్టి, మాన్యువల్‌లో చెప్పినట్టు ఆయిల్ ఎంతుందో మీ పిల్లల చేతే చూపించండి. చూసింది నోట్‌బుక్‌లో రాసి సోమవారం క్లాసుకు తెమ్మనండి.