డీజిల్ ఇంజను బ్లాకు ఎందుకు పగులుతుంది?

ఫిషింగ్ హార్బరులో మరపడవలు, పోర్టు గేట్ల ముందు బారులు తీరే లారీలు, రైల్వే డీజిల్ లోకో షెడ్... మన విశాఖలో డీజిల్ ఇంజను మీద బతికే ఇళ్ళు ఎన్నో. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడు తీసుకోవాలనుకునే వాళ్ళు మాలోనూ ఉన్నారు. అందుకే మేము ఈ విషయం ఎంచుకున్నాం.

సిలిండర్లు, వాటి చుట్టూ నీటి దారులు, క్రాంక్ షాఫ్టును మోసే గోడలు అన్నీ కలిసిన పెద్ద పోతే బ్లాకు. పిస్టన్ పోతే పిస్టన్ మార్చుకోవచ్చు. బ్లాకు పగిలితే ఇంజనే పోయినట్టు. నడిసముద్రంలో అలా జరిగితే పడవ అలల పాలవుతుంది, ఐసు కరిగి చేప పాడవుతుంది, డీజిల్ అప్పు మాత్రం మిగులుతుంది.

బ్లాకును ఎక్కువగా బీడుతో, అంటే పోత ఇనుముతో చేస్తారు. ఇందులో సుమారు 3 శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. అది గ్రాఫైటు రేకులుగా లోపల పరుచుకుంటుంది. అందుకే బీడు సుమారు 1200 డిగ్రీల దగ్గరే కరిగి ఏ అచ్చులోకైనా పారుతుంది, అదురును మింగుతుంది. కానీ ఆ రేకుల కొసలే పగులుకు దారులు. బీడు నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు.

సిలిండరులో డీజిల్ మండినప్పుడు పిస్టన్ కిందికి, హెడ్ పైకి నెట్టబడతాయి. మధ్యలో బ్లాకు లాగబడుతుంది. నిమిషానికి 1800 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండరుకు ఈ దెబ్బ 900 సార్లు!

దీనికి మన అలవాట్లు తోడవుతాయి. నీళ్ళు ఆవిరై కాలిపోతున్న ఇంజనులో చన్నీళ్ళు పోస్తే, వేడి గాజుగ్లాసులో పోసినట్టే. ఉప్పునీటి తుప్పు, పాచి పేరుకుంటే నీటి దారులు పూడి ఒకచోట వేడి, ఒకచోట చలువ అవుతుంది. బోల్టు రంధ్రంలో నూనె ఉండగా బిగించినా ప్రమాదమే. ద్రవం నొక్కుడుకు లొంగదని ఫిజిక్సులో చదివాం కదా, లొంగని నూనె గోడనే చీలుస్తుంది.

బయట కారకుండానే నీళ్ళు తగ్గడం, ఇంజనాయిలు పాలు కలిపిన టీలా మారడం, తెల్లపొగ, రేడియేటరులో బుడగలు కనిపిస్తే వెంటనే ఆపి చూడాలి. హెడ్ గాస్కెట్ పోయినా ఇవే గుర్తులు.

మరి బలపరచడం ఎలా? తయారీలో గోడలకు పక్కటెముకల్లాంటి కట్లు వేస్తారు, మూలలను గుండ్రం చేస్తారు. 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపితే గ్రాఫైటు రేకులు గుండ్రని గుళ్ళుగా మారి, ఇనుము విరగకుండా వంగింది. గ్రాఫైటు వానపాముల ఆకారంలో ఉండే మరో రకాన్ని ఇప్పుడు పెద్ద లారీ ఇంజన్లకు వాడుతున్నారు. మన రైళ్ళను దశాబ్దాలు లాగిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్ల 16 సిలిండర్ల బ్లాకు ఉక్కు పలకల వెల్డింగుతో చేసినది.

పగులు చిన్నదైతే రెండు కొసలా రంధ్రం వేసి ఆపుతారు. తర్వాత లోహపు కుట్టు వేస్తారు, లేదా ముందుగా వేడిచేసి నికెల్ రాడ్డుతో వెల్డింగ్ చేసి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారుస్తారు. తొందరపడితే పక్కనే కొత్త పగులు వస్తుంది. క్రాంక్ షాఫ్టును మోసే గోడ పగిలితే మాత్రం బ్లాకు మార్చడమే క్షేమం.

అన్నిటికన్నా చవకైన బలం జాగ్రత్త. కూలెంట్ కలిపిన శుభ్రమైన నీరు వాడాలి. బోల్టులను మధ్య నుంచి అంచులకు, విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. వేడెక్కితే ఆపి, చల్లారాకే నీళ్ళు పోయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే 61 రోజులు పడవల ఇంజన్లు విప్పి చూడడానికి మంచి అదను.

మీ ఇంట్లో ఇంజను నడిపేవారు ఉంటే ఈ నాలుగు మాటలూ చెప్పండి. చదివిన చదువు ఇంటికి ఉపయోగపడితే అంతకన్నా కావలసింది ఏముంది?