ఇంటర్నెట్‌లో అశ్లీలం - చట్టం ఎంతవరకు?

మాది హోసూరు ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం వినిపించే ఊరు. ఆమధ్య మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఎనిమిదో తరగతి పిల్లవాడి తండ్రి ఒకాయన లేచి, "సార్, సెల్‌ఫోన్లలో వచ్చే ఈ చెడ్డ బొమ్మలన్నీ ప్రభుత్వం ఒక్క ఆర్డరుతో మూసెయ్యలేదా? ఎందుకు చూస్తూ ఊరుకుంటోంది?" అని అడిగారు. అక్కడున్న తల్లులూ తండ్రులూ అందరూ తలలూపారు. ఆయన ఆవేదన న్యాయమైనదే. కాని ఆ ప్రశ్నకు నిలబడ్డ చోటున రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. ఆ బాకీ ఈనాటి ప్రసంగంలో తీర్చుకుంటాను.

ఏది అశ్లీలం, దాన్ని ఆపే అధికారం ఎవరికుంది అన్న ప్రశ్న ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. మన తెలుగువారే, అదీ మనలాగా ఆంధ్రదేశానికి వెలుపల ఉన్న తెలుగువారే, ఈ ప్రశ్నను వందేళ్ళ కిందట ఎదుర్కొన్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరును ఏలిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికాసాంత్వనము' అనే శృంగార కావ్యం రాసింది. మైసూరు సంస్థానంలో పుట్టి మద్రాసులో స్థిరపడిన బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ కావ్యాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చువేయించారు. అది అశ్లీలమని గగ్గోలు లేచింది. పోలీసులు ప్రతులను పట్టుకుపోయారు, బ్రిటిషు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. మగవారు రాసిన శృంగారాన్ని మెచ్చుకుంటూ, ఆడది రాస్తే మాత్రం తప్పంటారా అని నాగరత్నమ్మగారు నిలదీశారు. చివరికి 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో ఆ నిషేధం తొలగింది. వేయడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. తీయడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఆ కావ్యానికీ, ఈనాడు ఫోన్లలో ప్రవహించే చెత్తకూ పోలిక ఉందని నేను అనడం లేదు. నిషేధించే అధికారం ఎవరి చేతిలో ఉన్నా, దానికి హద్దు ఉండాలని మాత్రమే ఈ కథ మనకు చెబుతోంది.

ఆ హద్దును మన రాజ్యాంగమే గీసింది. 19వ అధికరణం మొదటి భాగం ప్రతి పౌరునికీ వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది. అదే అధికరణం రెండో భాగం, కొన్ని కారణాల మీద ప్రభుత్వం ఆ స్వేచ్ఛకు సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చునని చెప్పింది. ఆ కారణాల్లో సభ్యత, నైతికత కూడా ఉన్నాయి. కాబట్టి అశ్లీలాన్ని అరికట్టే అధికారం ప్రభుత్వానికి లేదనలేం. ఉంది. అయితే 'సహేతుకమైన' అన్న మాటను మరిచిపోకూడదు.

మరి అశ్లీలమంటే ఏమిటి? 1868లో ఇంగ్లండులో ఒక న్యాయస్థానం హిక్లిన్ పరీక్ష అనే కొలబద్దను తయారుచేసింది. చెడు ప్రభావానికి సులువుగా లొంగే మనసున్నవారిని ఒక రచన చెడగొట్టేలా ఉందా అన్నదే ఆ పరీక్ష. 1964లో మన సుప్రీంకోర్టు కూడా ఇంచుమించు ఆ కొలతతోనే, 'లేడీ చాటర్లీస్ లవర్' నవల అమ్మిన బొంబాయి పుస్తక వ్యాపారికి పడిన శిక్షను ఖాయం చేసింది. కాని 2014లో అవీక్ సర్కార్ కేసులో ఆ పాత కొలతను పక్కనపెట్టింది. ఒక బొమ్మను గాని రాతను గాని సందర్భం నుంచి విడదీసి చూడరాదు, మొత్తంగా చూడాలి, ఈ కాలపు సగటు మనిషి దృష్టితో చూడాలి అని చెప్పింది. నగ్నంగా కనిపించినంత మాత్రాన ఏ బొమ్మా అశ్లీలమైపోదు.

ఇక ఇంటర్నెట్ సంగతి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం, దానికి 2008లో చేసిన సవరణలు ఇక్కడ ముఖ్యం. 67వ సెక్షన్ ప్రకారం అశ్లీలమైన దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడం, పంపడం నేరం. మొదటిసారికి మూడేళ్ళ దాకా జైలు. 67ఎ సెక్షన్ లైంగిక చర్యలను బాహాటంగా చూపే వాటికి వర్తిస్తుంది. శిక్ష అయిదేళ్ళ దాకా. ఇక్కడ ఒక మాట గమనించండి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని సరదాకి మరొకరికి ఫార్వర్డు చేయడం కూడా పంపడమే. "నేను తీసింది కాదు కదా" అంటే చట్టం వినదు.

పెద్దవారికి సంబంధించిన దాన్ని పెద్దవారు తమ గదిలో ఒంటరిగా చూడటం గురించి ఈ రెండు సెక్షన్లూ మాట్లాడవు. పిల్లల విషయంలో మాత్రం చట్టం పూర్తిగా వేరు. పిల్లలను లైంగికంగా చూపే దేన్నైనా వెతకడం, చూడటం, దించుకోవడం కూడా 67బి సెక్షన్ కింద నేరమే. 2024లో ఇటువంటి కేసు ఒకటి మద్రాసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. హైకోర్టు కేసు కొట్టివేయగా, ఆ ఏడు సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. ఇలాంటివాటిని పిల్లల అశ్లీలం అనవద్దనీ, పిల్లల మీద జరిగిన దోపిడీ అనే పిలవాలనీ చెప్పింది. ఎందుకంటే అలాంటి ప్రతి బొమ్మ వెనుకా నిజంగా దెబ్బతిన్న ఒక పసిబిడ్డ ఉంది. ఇందులో వాక్ స్వాతంత్ర్యం ప్రసక్తే లేదు.

ఇప్పుడు ఆ తండ్రిగారి ప్రశ్నకు వద్దాం. అన్నీ ఒక్కసారిగా మూసేయవచ్చు కదా? ప్రభుత్వం ఆ ప్రయత్నమూ చేసింది. 2015 జూలై 31న 857 వెబ్‌సైట్లను మూసేయమని ఇంటర్నెట్ కంపెనీలకు ఉత్తర్వు వెళ్ళింది. సైట్లను ఆపడానికి ప్రత్యేకంగా ఉన్న 69ఎ సెక్షన్‌లో దేశ భద్రత, శాంతిభద్రతలు వంటి కారణాలున్నాయి గాని సభ్యత, నైతికత అన్న కారణం లేదు. అందుకని ఆ ఉత్తర్వును వేరే సెక్షన్ ఆధారంగా ఇచ్చారు. ఆ పట్టీలో హాస్యపు సైట్లు కూడా చిక్కుకున్నాయి. దేశమంతటా విమర్శలు రేగాయి. నాలుగైదు రోజులు తిరక్కముందే ప్రభుత్వం మెత్తబడి, పిల్లల బొమ్మలు లేని సైట్లను తెరవవచ్చునంది. ఏ సైటులో ఏముందో తేల్చడం మా వల్ల కాదని కంపెనీలు చేతులెత్తేశాయి. తరువాత 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం మీద మళ్ళీ 827 సైట్లను మూయమని ఉత్తర్వు వచ్చింది.

అన్ని సైట్లు మూసినా బొమ్మలు ఎందుకు ఆగవు? ఒక పోస్టాఫీసును ఊహించుకోండి. ఫలానా చిరునామాకు ఉత్తరాలు బట్వాడా చేయవద్దని పోస్టుమాస్టరుకు ఒక పట్టీ ఇచ్చారనుకుందాం. అవతలివాడు పూటకో ఇల్లు మారితే ఆ పట్టీ ఏంచేస్తుంది? ఉత్తరాన్ని ఇంకో ఊరి కవరులో దాచి పంపితే పోస్టుమాస్టరుకు ఏం తెలుస్తుంది? వీపీఎన్ అనే సాధనం చేసే పని సరిగ్గా అదే. పైగా ఫోను నుంచి ఫోనుకు నేరుగా వెళ్ళే బొమ్మకు ఆ పట్టీతో సంబంధమే లేదు.

ఇక రెండో చిక్కు చట్టంలో వాడే మాటలది. 2008 సవరణల్లో 66ఎ అనే సెక్షన్ ఉండేది. చిరాకు కలిగించేవి, అసౌకర్యం కలిగించేవి పంపడం నేరమని అందులో ఉంది. వినడానికి బాగానే ఉంది. కాని ఎవరి చిరాకు? ఎంత చిరాకు? 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ఒక నాయకుని మరణం తరువాత జరిగిన బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు ఒక యువతినీ, దాన్ని మెచ్చుకున్నందుకు ఆమె స్నేహితురాలినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన తెలుగువారు, జాస్తి చలమేశ్వర్‌గారు. మాట వదులుగా ఉన్న చట్టం చెడ్డవాడికంటే ముందు అమాయకుణ్ణి పట్టుకుంటుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోకూడదు కదా!

అలాగని చట్టమే వద్దనుకునేరు. ఒక సంగతి చెబుతాను. రెండేళ్ళ కిందట మా బడిలో చదివి కాలేజీకి వెళ్ళిన ఒక అమ్మాయి తన తల్లితో మా ఇంటికి వచ్చింది. ఎవరో ఆమె ముఖాన్ని ఒక అసభ్యమైన బొమ్మకు అతికించి తెలిసినవాళ్ళందరికీ పంపారు. ఏం జరిగిందని అడిగితే ఆ పిల్ల నోట మాట రాలేదు. "అదే సార్, ఆ బొమ్మ" అని మాత్రం అంది. ఫిర్యాదు తమిళంలో రాయాలి. తల్లికి తెలుగు తప్ప మరో భాష రాదు. నేను తమిళంలో రాసి, ఒక్కొక్క వాక్యమే తెలుగులో చదివి వినిపించాను. "ఇదంతా కాగితం మీద పెడితే పరువు పోదా సార్?" అని ఆ తల్లి అడిగింది. "పరువు పోవలసింది వాడికమ్మా, మీకు కాదు" అన్నాను. సంతకం చేసేటప్పుడు ఆమె చెయ్యి వణికింది గాని, చేసింది. బొమ్మను తీసేశారు. అమ్మాయి నెల రోజులు ఇల్లు కదలలేదు. తరువాత కాలేజీకి వెళ్ళింది.

ఆలోచించండి. మూసేయమన్న 857 సైట్లలో ఏ ఒక్కదానిలోనూ ఆ బొమ్మ లేదు. ఎరిగున్నవాళ్ళ ఫోన్లలో ఉంది. ఆమెకు కావలసింది తన ఫిర్యాదును వెంటనే పట్టించుకునే చట్టం. అది మనకు ఉంది. ఒకరి అంతరంగిక భాగాల చిత్రాన్ని వారి అనుమతి లేకుండా తీసినా, పంపినా 66ఇ సెక్షన్ కింద నేరం. 2021లో వచ్చిన నియమాలు, ఇలాంటి బొమ్మ మీద, అతికించి తయారుచేసిన బొమ్మ మీద కూడా, బాధితులు ఫిర్యాదు చేస్తే నిర్ణీత గడువులోగా తొలగించాలని కంపెనీలను ఆదేశించాయి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయవచ్చు. పిల్లలకు ఆపద అయితే 1098కి ఫోను చేయండి. ఆ బొమ్మ మీకు వస్తే ఎవరికీ పంపకండి. బాధితులు మాత్రం ఎప్పుడు, ఏ నంబరు నుంచి వచ్చిందో రాసిపెట్టుకోవాలి. భాష రాదని వెనుకాడవద్దు. మన ఊళ్ళలో రెండు భాషలు వచ్చినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఒకరి ఫిర్యాదు రాసిపెట్టడం పెద్ద సాయం.

చివరిగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను సైన్సు టీచరును. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తే, "ఇది ఇంట్లో చదువుకోండి" అని చాలా ఏళ్ళు దాటవేశాను. పిల్లలు ఇంట్లో ఎవరిని అడుగుతారు? అడిగింది ఫోనునే. ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి మాట పెగలక నిలబడిన రోజున నాకు సిగ్గువేసింది. ఆ మాటలు నేర్పవలసినవాణ్ణి నేనే కదా! ఆ ఏడాది నుంచి పాఠం పూర్తిగా చెబుతున్నాను. మొదటి పది నిమిషాలు పిల్లలు నవ్వుతారు. తరువాత ప్రశ్నలు అడుగుతారు.

అయ్యా, సమావేశంలో ప్రశ్న అడిగిన పెద్దమనిషీ, మీరు ఈ ప్రసంగం వింటున్నారనుకుంటాను. పిల్లలను వాడుకునేవాణ్ణీ, ఆడపిల్ల బొమ్మతో ఆడుకునేవాణ్ణీ ప్రభుత్వం వదలకూడదు. అక్కడ మనం గట్టిగా అడుగుదాం. 'చెడ్డవన్నీ' మూసేయమని మాత్రం అడిగేముందు, ఏది చెడ్డదో రేపు నిర్ణయించేది ఎవరని ఒక్క క్షణం ఆలోచిద్దాం. మీ అబ్బాయి ఫోను ఎక్కడ పెట్టుకుని నిద్రపోతాడో, ఎవరితో మాట్లాడతాడో చూసే పని మాత్రం ఢిల్లీ చేయలేదు. ఈ రాత్రి భోజనాల దగ్గర వాడితో కాసేపు మాట్లాడండి. ఏదైనా జరిగితే భయపడకుండా నాతో చెప్పు నాన్నా అనండి. ఆ ఒక్క మాట వాడికి గుర్తుంటుంది.